గుంతలో పరిచిన దస్తీ

ఆరుబయట జరిగే కచేరీకి ఎలా వెళ్ళాలో నేర్పుతూ మా తమ్ముడి కూతురు శ్రావ్య నా ఫోన్‌కి ఒక పెద్ద మెసేజ్ పంపింది. కాస్త ముందుగానే బయల్దేరాలట. ఎత్తు చెప్పులు వేసుకోకూడదట. కూర్చోవడానికి మెత్తటి దిండు, చలికి శాలువా, దోమలకి పూతమందు, దాహానికి మంచినీళ్ళు దగ్గర పెట్టుకోవాలట. స్పీకర్ పక్కన సీటు వస్తే చెవుల్లో దూది పెట్టుకోవాలట. కచేరీ ఎక్కడో కాదు, జహీరాబాద్‌లో మేం పెరిగిన ఫ్యాక్టరీ కాలనీ వెనక, కొత్తగా బాగుచేయించిన యాంఫీథియేటర్లో. ఆ మెసేజ్‌ని మా అమ్మకి చదివి వినిపించాను. అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విని, "ఏదో థియేటర్ అంటోంది, మన గుంతేనా?" అని అడిగింది. అవునన్నాను. "గుంతకి ఎలా వెళ్ళాలో ఇది నాకు చెబుతోందా? తాతకు దగ్గులు నేర్పినట్టుంది" అని పకపకా నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి, "అది సరే గానీ పద్దూ, మధ్య మెట్టు మీద దస్తీ ఎవరు వేస్తారు?" అంది. ఈసారి అడగడంలో వేళాకోళం లేదు. ఎందుకంటే ఆ కచేరీలో మొదటి పాట మా అమ్మదే. గుంతలో ఒకప్పుడు పాడినవాళ్ళని వెతికి పట్టుకుని పిలుస్తున్నారు కాలనీవాళ్ళు.

గుంత అంటే నిజంగా గుంతే. జహీరాబాద్ నేల కింద ఎర్రరాయి ఉంటుంది. దాన్ని దిమ్మలుగా కోసి ఇళ్ళు కట్టుకునేవారు. కాలనీ వెనక అలా కోసి కోసి వదిలేసిన చోట ఒక వైపు మెట్లు మెట్లుగా దిగిన పల్లం మిగిలింది. అడుగున కాస్త చదునుగా ఉంటే దాని మీద చెక్కలు పరిచి వేదిక చేశారు. అక్కడ ఎవరైనా దగ్గితే పైమెట్టు మీదివాళ్ళు "ఏమైంది?" అని అడిగేటంత బాగా వినిపించేది. ఆ రాతితో ఒక్కటే పేచీ. ఎర్రగా అంటుకుంటుంది, ఉతికినా పోదు. ఈ సంగతి తెలియక, తెనాలి వైపు నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన మా నాన్న మల్లెపువ్వు లాంటి పంట్లాం వేసుకుని మొదటి కచేరీకి వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు వెనకే నడుస్తున్న పక్కింటి యాదమ్మ పిన్ని మా నానమ్మ చెవిలో, ఊరంతటికీ వినబడేట్టు, "అమ్మా, నీ కొడుకు ఎనకనుంచి కోతి లెక్క అయ్యిండు, జర సూడు" అంది. మా నాన్న ఆ తర్వాత ఎప్పుడూ తెల్లబట్టలతో గుంతకి వెళ్ళలేదు. ఆ పంట్లాం చాలా కాలం మా ఇంట్లో సైకిల్ తుడిచే గుడ్డగా బతికింది.

ఆ రోజు నుంచి గుంత విద్యలో మాకు గురువు యాదమ్మ పిన్నే. ఆవిడది ఝరాసంగం. ఆవిడ భర్త ఫ్యాక్టరీలో ట్రాక్టర్లకి రంగు వేసే చోట పనిచేసేవాడు. పిన్ని ఇంట్లో ఎప్పుడూ ఒక మూల అల్లం గోతం ఉండేది. వాళ్ళ గుమ్మం దాటితే చాలు, జలుబు ఉన్నవాడికి కూడా ముక్కు తెరుచుకునేది. "పగలంత ఎండకు కాగిన రాయి, పొద్దుగూకంగనే కూసుంటె కాల్తది, జరసేపైతె సల్లవడ్తది. రెంటికీ గోనెసంచే మందు" అనేది. అడుగు మెట్టు మీద కూర్చుంటే డోలు చప్పుడు కడుపులో మోగుతుంది. పైమెట్టు మీద కూర్చుంటే చెరకు తోటల మీంచి వచ్చే గాలి చెవులు కొరుకుతుంది, పైగా ఆటోలవాళ్ళ కేకలు. పెద్ద రుమాలు చుట్టుకున్న పెద్దమనుషుల వెనక కూర్చోకూడదు, వాళ్ళ తలపాగా తప్ప పాటగాడు కనబడడు. పల్లీలు తెచ్చుకోవచ్చు గానీ నెమ్మది పాట మొదలవకముందే నమిలెయ్యాలి. జొన్నరొట్టె, తొక్కు కట్టుకుంటే పక్కవాళ్ళకీ పెట్టాలి, లేకపోతే వాళ్ళ చూపంతా మన మూట మీదే ఉంటుంది. ఇన్ని చెప్పి చివర అసలు మంత్రం ఉపదేశించింది. "గివన్ని గాదు. పొద్దుగాల్నే వోయి దస్తీ ఏసి రావాలె. దస్తీ ఏస్తె ఆ జాగ నీదే."

బస్సు కిటికీలోంచి సీటు మీద దస్తీ, అంటే చేతిరుమాలు, విసిరితే ఆ సీటు మనదైపోతుందన్న ధర్మం మాకు కొత్త కాదు. కానీ దాన్ని జహీరాబాద్ వాళ్ళంత నిష్ఠగా పాటించినవాళ్ళని నేను మరెక్కడా చూడలేదు. బొంబాయి రోడ్డు మీద ఆగే బస్సుల్లో కాలు పెట్టే చోటు లేకపోయినా దస్తీ వేసిన సీటు ఖాళీగా వచ్చేది, దాని చుట్టూ జనం ఒంటికాలి మీద నిలబడి ఉండేవాళ్ళు. గుంతలో గాలి ఎక్కువ కాబట్టి చిన్న దస్తీ ఎగిరిపోతుంది. అందుకని తువ్వాలే పరిచి మూలల మీద రాళ్ళు పెట్టేవారు. పరిచింది తువ్వాలైనా మాట మాత్రం దస్తీ వేయడమే.

ఇంతకీ మధ్య మెట్టుకీ మా అమ్మకీ సంబంధం చెప్పాలి. దానికి ముందు మా అమ్మకీ నానమ్మకీ ఉన్న సంబంధం చెప్పాలి. అత్త లేని కోడలుత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. మా ఇంట్లో ఇద్దరూ ఉండడం వల్ల ఆ బిరుదులు ఎవరికీ దక్కలేదు. పప్పులో ఇంగువ ఎప్పుడు వేయాలన్న దాని మీద వాళ్ళు రోజూ వాదించుకునేవారు. పోపులో వేయాలని అమ్మ, దించాక వేయాలని నానమ్మ. నాన్న ఎటూ చెప్పకుండా రెండు ముద్దలు ఎక్కువ తిని లేచిపోయేవారు. కానీ అమ్మ వంటింట్లో పాట అందుకుందంటే చాలు, నానమ్మ వసారాలో చేట పట్టుకుని కూర్చునేది. బియ్యం చెరుగుతున్నట్టే ఉండేది గానీ ఆ చేట చప్పుడు తాళం తప్పేది కాదు. నానమ్మకి సంగీతం రాదు. రాగం పేరు అడిగితే "నాకేం తెలుసే" అనేది. అయితే అమ్మ గొంతు ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఆవిడ మొహం ఉప్పు లేని పప్పు తిన్నట్టు అయిపోయేది. అమ్మ ఆ మొహం చూసి సరిదిద్దుకునేది. సరిగ్గా పడితే నానమ్మ కళ్ళు మూసుకునేది. మెచ్చుకోవడం మాత్రం వాళ్ళ వంశంలోనే లేదు.

అమ్మకి వేదికంటే వణుకు. పెళ్ళికి ముందు వాళ్ళ ఊళ్ళో ఒకసారి ఎక్కించారట. శ్రుతి మోగుతూనే ఉంది, అమ్మకి నోరు పెగలలేదు, దిగి వచ్చేసింది. ఆ తర్వాత వేదిక జోలికి పోలేదు. మా నాన్న మాత్రం ఫ్యాక్టరీలో అందరితో "మా ఆవిడ పాడితే..." అని కోతలు కోసి కోసి, దసరా తర్వాత గుంతలో జరిగే కచేరీకి అమ్మ పేరు ఇచ్చి వచ్చారు. ఆ రాత్రి అన్నాల దగ్గర యుద్ధం జరుగుతుందనుకున్నాం. అమ్మ అరవలేదు. "సరే, పాడతాను. అత్తయ్య నా ఎదురుగా, మధ్య మెట్టు మీద, నాకు మొహం కనబడేలా కూర్చోవాలి. ఈసారి కూడా నోరు రాలేదా, ఇంక వంటింట్లో కూడా పాడను" అంది. అమ్మ అన్నంత పనీ చేసే మనిషి. పాట లేని మా ఇల్లు ఎలా ఉంటుందో తలచుకుంటే నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు. నానమ్మ మజ్జిగ పోసుకుంటూ, "నా మోకాళ్ళ నొప్పులకి మెట్లు కూడానా" అని సణిగింది గానీ మర్నాడే పెట్టెలోంచి పట్టుచీర తీసి ఎండలో వేసింది. కొంపకి నిప్పంటుకున్నా కదలని మనిషి, చీరకి ఎండ తగులుతోందా లేదా అని నాలుగుసార్లు చూసి వచ్చింది.

ఇప్పుడు దస్తీ సంగతి. ఆ దసరాకి ఫ్యాక్టరీలో అందరికీ మిఠాయి పెట్టెతో పాటు ఆకుపచ్చ అంచున్న కొత్త తువ్వాల ఒకటి పంచారు. కచేరీ రోజు ఏ తువ్వాల పరవాలన్న చర్చ వచ్చినప్పుడు మా నాన్న తన తెలివంతా బయటికి తీశారు. "కొత్త తువ్వాలని రాళ్ళ మీద ఎవరు పరుస్తారు? అందరూ పెట్టెలో దాచుకుంటారు. మనం అదే పరిస్తే దూరం నుంచి కూడా మనదని ఇట్టే తెలిసిపోతుంది" అన్నారు. మాకు అది బ్రహ్మాండంగా తోచింది. పొద్దున్నే యాదమ్మ పిన్నితో కలిసి నేను గుంతకి వెళ్ళి, మధ్య మెట్టు నడిమధ్యలో ఆకుపచ్చ అంచు తువ్వాల పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి వచ్చాను. అప్పటికి గుంతలో అలాంటిది అదొక్కటే ఉంది. సాయంత్రం నానమ్మని పట్టుచీరలో నడిపించుకుంటూ వెళ్ళి పైనుంచి చూస్తే గుంతంతా ఆకుపచ్చ అంచులే. మా నాన్నకి వచ్చిన తెలివే ఫ్యాక్టరీలో ప్రతివాళ్ళకీ వచ్చిందన్నమాట.

అక్కడ మొదలైంది అసలు కచేరీ. "గిది నాది", "నాదని రాసున్నదా?", "నేను మూలకు నల్లరాయి పెట్టిన", "నల్లరాయి నేను గూడ పెట్టిన!" ఎవరూ అబద్ధమాడడం లేదు, ఎవరికీ తమ తువ్వాల దొరకడం లేదు. దస్తీ మీద అంత నమ్మకమున్న ఊరు కాబట్టి ఎవరూ దాన్ని తీసి అవతల పారేయరు. మధ్య మెట్టు దాకా దారి లేదు. చివరికి నానమ్మ పైమెట్టు అంచున, ఆటోల పక్కన, యాదమ్మ పిన్ని గోనెసంచి మీద కూలబడింది. "నా మొహం దానికి కనబడదే" అని ఒకటే గొణుగుడు. నాన్న మమ్మల్ని చూడకుండా ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారు.

అమ్మ వేదిక మీదికి వచ్చింది. కూర్చుంది. మధ్య మెట్టు వైపు తలెత్తింది. అక్కడ నానమ్మ ఉండవలసిన చోట ఒత్తయిన మీసాలు, పెద్ద ఎర్ర రుమాలు, ఒడినిండా పల్లీలతో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. అమ్మ అలా చూస్తూ ఉండిపోయింది. హార్మోనియం ఆయన శ్రుతి అందించాడు. మళ్ళీ అందించాడు. అమ్మ పెదవులు కదలడం లేదు. ఇంక మా ఇంట్లో పాట అయిపోయిందనుకున్నాను. ఆ పెద్దాయన ముందు తన వెనక్కి చూసుకున్నాడు, తర్వాత అటూ ఇటూ చూశాడు. పాడే మనిషి చూస్తున్నది తననే అని రూఢి చేసుకుని పల్లీలు నమలడం ఆపాడు. ఇంకాసేపు ఓపిక పట్టి, ఇక తట్టుకోలేక లేచి, కింద ఉన్న తువ్వాల దులిపి, "జర జరుగున్రి" అంటూ మెట్లన్నీ దిగి వేదిక దగ్గరికి వచ్చాడు. తువ్వాల అమ్మ ముందుకి చాపాడు. "గిది నీ దస్తీనా బిడ్డా? మాది రాయికోడ్. నా అల్లుడు గీడ పని చేస్తడు, గాడ దస్తీ ఏసిన, కూసో మామా అన్నడు, కూసున్న. గట్ల గుర్రుగ సూడకు తల్లీ, తీస్కో."

మైకులో ఆ మాటలన్నీ గుంతంతా వినబడ్డాయి. మెట్లు మెట్లే నవ్వాయి. అమ్మకి కూడా నవ్వు ఆగలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మీ తప్పేం లేదండీ బాబాయిగారూ. అక్కడ మా అత్తగారు కూర్చోవాలి" అంది. "ఏడున్నది మీ అత్త?" అన్నాడాయన. అమ్మకి తెలియదు. అంతే, జనం అందుకున్నారు. "సీతమ్మ అత్త ఏడున్నది? ఫ్యాక్టరీ సారు తల్లి ఏడున్నది?" అని మా అమ్మ పేరు పెట్టి ఆ మెట్టు నుంచి ఈ మెట్టుకి కేకలు. పైనుంచి మా నానమ్మ, మైకు అవసరం లేని గొంతుతో, "ఇక్కడ చచ్చానే! పాడవే తల్లీ, చలేస్తోంది!" అని అరిచింది. రాయికోడ్ పెద్దాయన మీసం దువ్వుకుని, మెట్లన్నీ ఎక్కి, నానమ్మ చెయ్యి పట్టుకుని దింపుకుంటూ వచ్చాడు. జనం కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. మా నానమ్మ ఆ పట్టుచీరలో, ఊరేగింపుకి వచ్చిన అమ్మవారిలా అందరి వంకా చూసుకుంటూ దిగింది. మధ్య మెట్టు మీద ఆయనే తువ్వాల పరిచి కూర్చోబెట్టి, తను పక్కన రాయి మీద కూర్చున్నాడు.

అమ్మ పాడింది. చరణం ఎత్తుకున్నప్పుడు నానమ్మ మొహం ఉప్పు లేని పప్పు అయ్యింది. అమ్మ చూసింది, సర్దుకుంది. నానమ్మ కళ్ళు మూసుకుంది. పక్కనున్న పెద్దాయన ఆవిడ కళ్ళు మూసుకోవడం చూసి, ఇదేదో గుంతలో పాటించే మర్యాద కాబోలనుకుని తనూ మూసుకున్నాడు. కచేరీ అయ్యాక తువ్వాల ఎవరిదన్న ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఆయన దాన్ని మడిచి నానమ్మ చేతిలో పెట్టి, "నువ్వు కూసున్నవ్, నీదే" అన్నాడు. అది మాదో, ఆయన అల్లుడిదో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఏటా అమ్మ గుంతలో పాడింది, ఏటా నానమ్మ ఆ తువ్వాల మీదే కూర్చుంది, కింద పెట్టుకునే గోనెసంచి మాత్రం మారుతూ వచ్చింది. నాన్న ఉద్యోగం మానాక హైదరాబాద్ వచ్చేశాం. నానమ్మ ఇక్కడికి వచ్చాకే పోయింది. నాన్న కూడా లేరు.

ఇన్ని తెలిసీ, దస్తీ ఎవరు వేస్తారని అమ్మ అడిగినప్పుడు నాకు వెంటనే అర్థం కాలేదు. "అక్కడ సీట్లకి నంబర్లు ఉంటాయమ్మా, శ్రావ్య అన్నీ చూసుకుంటుంది" అన్నాను. అమ్మ లోపలికి వెళ్ళి బీరువాలోంచి తువ్వాల తెచ్చింది. అంచు ఆకుపచ్చో బూడిద రంగో చెప్పలేనంతగా వెలిసిపోయింది. "నంబరు నంబరే, దస్తీ దస్తీయే. అత్తయ్య ఎదురుగా లేకపోతే ఎక్కడ చూసి పాడను?" అంది. అమ్మకి మతి స్థిమితంగానే ఉంది, నాకంటే ఎక్కువగానే ఉంది. "వద్దులే అమ్మా, నేను కూర్చుంటాను" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "నీకు ఉప్పు లేని పప్పు మొహం రాదు" అని తేల్చేసింది.

యాంఫీథియేటర్ బాగుంది. చెప్పొద్దూ, చాలా బాగుంది. ఎర్రరాయి మీద నున్నటి బండలు పరిచారు, వాటి మీద కుర్చీలు బిగించారు. నేను అలవాటు కొద్దీ ముదురు రంగు చీర కట్టుకు వెళ్ళాను గానీ ఇప్పుడు తెల్లచీర కట్టినా బెంగ లేదు. మరుగుదొడ్లు ఉన్నాయి, అవి లేక మేం పడ్డ అవస్థ ఇక్కడ రాసేది కాదు. దోమల మందు, దిండు పనికొచ్చాయి, శ్రావ్యకి మార్కులు వేశాను. కానీ పక్కవాళ్ళకి రొట్టె పెట్టడానికి లేదు, బయటి తిండి రానివ్వరు. ఎవరి నంబరు చూసుకుని వాళ్ళు వచ్చి కూర్చున్నారు, ఎవరితో ఎవరికీ పోట్లాట లేదు, అందువల్ల పరిచయమూ లేదు. మధ్య మెట్టు నడిమధ్య కుర్చీ మీద "ముఖ్య అతిథి" అని కాగితం అంటించి ఉంది. నేను దాని మీద తువ్వాల పరిచి పక్కన నిలబడ్డాను. పక్క కుర్చీలో కూర్చున్న శ్రావ్య నా మోచెయ్యి గిల్లింది. "అత్తా, పరువు పోతుంది. తీసెయ్ అత్తా" అంది. ఇవతల కాగితం, అవతల వేదిక పక్కన చెంగు నలుపుకుంటూ నిలబడ్డ అమ్మ. ఆమె చూపు నా మీద లేదు, కుర్చీ మీదే ఉంది.

ముఖ్య అతిథి వచ్చాడు. ఊళ్ళో పెద్దమనిషి, వెనక పదిమంది మనుషులు. కాగితం చూశాడు, తువ్వాల చూశాడు. "ఎవలదమ్మా గీ దస్తీ?" అన్నాడు. "మా నానమ్మదండీ" అన్నాను. "వస్తున్నదా?" అన్నాడు. నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్నే గానీ ఆయన నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "ఆవిడ పోయి చాలా ఏళ్ళయిందండీ. ఇప్పుడు పాడేది ఆవిడ కోడలు. నానమ్మ ఇక్కడ కూర్చుంటే తప్ప మా అమ్మ పాడలేదు" అన్నాను. ఆయన వెనకున్న ఒకతను చెయ్యి చాపి తువ్వాల తీయబోయాడు. పెద్దమనిషి ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు. "ఏయ్, ముట్టకు! దస్తీ ఏసిన సీటు ఎదురుంగున్నా హైదరాబాద్ దాక నిలవడే పోయినోన్ని నేను. దాని మీద కూసుంటె ఈ ఊల్లె తలెత్తుకోని తిరుగుతనా?" అని, శ్రావ్య వైపు తిరిగి, "జర జరుగు బిడ్డా" అన్నాడు. శ్రావ్య జరిగింది. ఆయన నానమ్మ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆ వరుస మొత్తం ఒక్కో నంబరు పక్కకి జరిగి, చివరాయన మెట్టు మీద కూర్చున్నాడు.

అమ్మ గొంతు ఇప్పుడు సన్నబడింది, పైస్థాయికి పోదు. అయినా ఏ తడబాటూ లేకుండా అందుకుంది. పాట పొడుగునా మమ్మల్నెవరినీ చూడలేదు. ఒక్క చోట, చరణం ఎత్తుకోగానే ఆగి, కుర్చీ వైపు చూసి, చిన్నగా నవ్వుకుని, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. జనం చప్పట్లు కొడుతుంటే నేను కళ్ళు తుడుచుకుంటున్నాను. ఏడుస్తున్నందుకు నాకేం సిగ్గనిపించలేదు.

కచేరీ అయ్యాక అమ్మ తనే మెట్లెక్కి వచ్చి తువ్వాల దులిపి, నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుంది. కారు దగ్గరికి నడుస్తూ నా భుజం మీద చెయ్యి వేసి, "చరణం దగ్గర మీ నానమ్మ మొహం చూశావా?" అని అడిగింది.

"చూశానమ్మా" అన్నాను. "ఉప్పు లేని పప్పే."